బావగారి బుల్లి ల్యాప్‌టాప్, నా పాత అబద్ధం

మా బావగారికి ఈ బ్లాగు సంగతి తెలియదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. చుట్టాలెవరైనా చదువుతుంటే దయచేసి మా అక్కకి లింకు పంపకండి.

తాడేపల్లిగూడెంలో నాది జిరాక్స్, డీటీపీ షాపు. పెళ్ళికార్డులు, కరపత్రాలు, దినం కార్డులు నా పని. వీటి మధ్యలో "కాస్త చూసిపెట్టు" అంటూ జనం తెచ్చి బల్లమీద పెట్టే కంప్యూటర్లు వేరే. డబ్బులు అడిగితే మొహమాటం, అడక్కపోతే నష్టం. బావగారి ల్యాప్‌టాప్ ఆ రెండో లెక్కలోది.

ఆయన వీఆర్వోగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం పోయినా ఊళ్ళో జనం మాత్రం ఆయన అరుగు వదల్లేదు. అడంగల్‌లో పేరు తప్పు పడిందనో, పింఛను ఆగిపోయిందనో, పంట కాలవలో పూడిక తియ్యలేదనో ఎవరికి అర్జీ కావాలన్నా ఆయనే రాయాలి. అందుకని 2015 దసరా ఆఫర్లో ఒక బుల్లి ల్యాప్‌టాప్ కొనుక్కున్నారు. పది వేల లోపే. పది అంగుళాల స్క్రీను, కీబోర్డు నుంచి ఊడదీస్తే ట్యాబ్లెట్. ఇంటెల్ ఆటమ్ జెడ్3735ఎఫ్ ప్రాసెసరు, 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజి. చేతిసంచిలో పాసుపుస్తకాల జిరాక్సుల మధ్య ఇట్టే ఇమిడిపోయేది. వేలితో తాకితే పనిచేస్తుందని ఊరంతా వచ్చి చూశారట.

ఏడాదికే ఇబ్బంది మొదలైంది. పేరుకి 32 జీబీయే గానీ కంప్యూటర్ చూపించేది 29. అందులో విండోస్ 10 సగానికి పైగా కూర్చుంది. 2016లో పెద్ద అప్‌డేట్ వచ్చి జాగా చాలదంది. నేను ఫైళ్ళు తీసేస్తే, అది సగం దించుకుని మళ్ళీ నింపేసేది. విండోస్‌కి బదులు ఉచితంగా వేసుకునే లినక్స్ పిచ్చి నాకు అప్పుడే కొత్తగా పట్టింది. "బావగారూ, దీన్ని నాకో వారం వదిలెయ్యండి" అన్నాను.

ఆ వారం గురించే నా అబద్ధం.

లినక్స్ మింట్ 64-బిట్ పెన్‌డ్రైవ్ చేసి పెట్టాను. బూట్ మెనూలో అది కనపడనే లేదు. పెన్‌డ్రైవ్ మార్చాను, పోర్టు మార్చే వీల్లేదు, ఉన్నది ఒక్కటే పోర్టు. రెండు రాత్రులు కూర్చుంటే తెలిసింది: ప్రాసెసరు 64-బిట్టే, కానీ దాన్ని నిద్రలేపే ఫర్మ్‌వేర్, అదే యూఈఎఫ్ఐ, 32-బిట్. పందిరిమంచం పట్టే గది కట్టి, మంచం దూరని గుమ్మం పెట్టినట్టు. దీనికి కారణం విండోస్. విండోస్ ఎన్ని బిట్లో ఫర్మ్‌వేర్ కూడా అన్ని బిట్లే ఉండాలి. 2 జీబీ ర్యామ్ మిషన్లకి 32-బిట్ విండోస్ చాలనుకున్నారు, గుమ్మం కూడా ఆ కొలతకే పెట్టేశారు. ఆ గుమ్మం దగ్గర ఫర్మ్‌వేర్ వెతికేది బూట్ఐఏ32 అనే ఫైలుని. అప్పట్లో 64-బిట్ లినక్స్ పెన్‌డ్రైవుల్లో ఎక్కువగా బూట్ఎక్స్64 ఒక్కటే ఉండేది. ఇది పిలిచే పేరుకి పలికేవాడు అందులో లేడు.

నిజానికి లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ ఈ పేచీని 2014లోనే, 3.15 వెర్షన్‌తో తీర్చేసింది. 32-బిట్ గుమ్మంలోంచి 64-బిట్ కెర్నెల్ దూరగలదు. కావాల్సింది ఆ చిన్న ఫైలే. అది తెచ్చి పెన్‌డ్రైవులో సరైన ఫోల్డర్లో పెడితే మెనూలో పేరు ప్రత్యక్షమైంది. షాపులో ఒక్కణ్ణే ఉన్నా కాబట్టి ఎగిరి గంతేసినా ఎవరూ చూళ్ళేదు.

ఆ సంతోషం అరగంట. స్క్రీను పక్కకి తిరిగి వచ్చింది, అక్షరాలన్నీ గోడకి చేరబడి పడుకున్నట్టు. అది నిలువుగా వాడే ట్యాబ్లెట్ స్క్రీను. దాన్ని అడ్డంగా బిగించారు, ఆ సంగతి లినక్స్‌కి ఎవరూ చెప్పలేదు. వైఫై అసలు లేదు. పీసీఐ జాబితాలో వెతికాను, యూఎస్‌బీ జాబితాలో వెతికాను, చిప్పు జాడ లేదు. తర్వాత తెలిసింది, అది రియల్‌టెక్ 8723బీఎస్ అట, మెమరీ కార్డులు పెట్టుకునే ఎస్‌డీఐఓ దారిలో కూర్చుని ఉంటుందట. కెర్నెల్లో దానికి డ్రైవరు అప్పటికి లేదు. పోనీ ఫోన్ తగిలించి ఇంటర్నెట్ ఇస్తే, పావుగంటకోసారి మిషన్ రాయిలా బిగుసుకుపోయేది. మౌస్ కదలదు, గడియారం కదలదు. పవర్ బటన్ నొక్కి చంపడమే. ఈ రకం ఆటమ్ చిప్పులు చాలావాటికి అప్పట్లో ఆ జబ్బు ఉండేది. కెర్నెల్ వాళ్ళ బగ్గుల పట్టీలో దాని నంబరు 109051; ఎంతమంది వచ్చి ఏడ్చారో అక్కడ చూడొచ్చు. ప్రాసెసరుని గాఢనిద్రలోకి పోనివ్వకుండా ఆపితే తగ్గుతుందని మందు కూడా రాశారు. వేశాను. బ్యాటరీ ఆరు గంటల నుంచి నాలుగుకి దిగింది.

వారం గడిచింది. "అయ్యిందా?" అని బావగారి ఫోన్. ఇంక లాభం లేదని మళ్ళీ 32-బిట్ విండోస్ 10 వేశాను. దాని తాళం ఫర్మ్‌వేర్లోనే ఉంటుంది కాబట్టి యాక్టివేషన్ దానంతటదే అయిపోయింది. అమ్మయ్య అనుకుని స్క్రీను తాకాను.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

టచ్ డ్రైవరు మిషన్‌తో పాటు వచ్చిన విండోస్‌లో మాత్రమే ఉంది. దాన్ని తుడిచేసింది నేను. ఇలాంటి చవక మిషన్లకి ఒక్కోదానికి ఒక్కో ఫైలు కావాలి, లోపల గాజు ఎంత, తీగలు ఎటు అన్నది ఆ ఫైల్లోనే ఉంటుంది. అమ్మిన కంపెనీ సైటులో ఆ మోడల్ పేరే లేదు. తుడిచే ముందు డ్రైవర్లని పెన్‌డ్రైవులోకి తీసి పెట్టుకోవాలి, విండోస్‌లోనే దానికి ఒక ఆదేశం ఉంది, ఐదు నిమిషాల పని. ఇప్పుడు షాపుకి వచ్చే ప్రతి కుర్రాడికీ చెబుతాను. అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు.

బావగారు వచ్చారు. తాకారు. మళ్ళీ తాకారు. వేలు పంచెకి తుడుచుకుని మళ్ళీ తాకారు.

"ఏరా, ఇది పలకట్లేదేంటి?"

"చవక సామాను కదండీ బావగారూ. దానంతటదే పోయింది."

ఆయన ఏమీ అనలేదు. ఆరొందలు పెట్టి మౌస్ కొనుక్కున్నారు. తొమ్మిదేళ్ళు ఆ మౌస్‌తోనే అర్జీలు రాశారు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోయింది. ఆ నోటీసు తెర మీద చూసి ఆయన కంగారుపడి ల్యాప్‌టాప్ తెచ్చి బల్లమీద పెట్టారు. విండోస్ 11 దీనికి ఎక్కే ప్రశ్నే లేదు. దానికి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి కావాలి, దీని దగ్గర రెండూ లేవు. "పాత సామాన్ల వాడికి ఇచ్చేయమంటావా?" అన్నారు. ఆ మౌస్ తోక దానికి ఇంకా వేలాడుతూనే ఉంది. నాకు గొంతులో ఏదో అడ్డంపడింది. "వారం ఉంచండి" అన్నాను. మళ్ళీ అదే మాట.

షాపులో డెబియన్ 12 అనే లినక్స్ పెన్‌డ్రైవ్ ఎప్పుడూ ఉంటుంది. ఈసారి బుద్ధిగా ముందు డ్రైవర్లన్నీ బయటికి తీసి దాచాను. అందులో టచ్‌ది లేదని తెలుసు, అయినా దాచాను. పోర్టు ఒకటే కాబట్టి యూఎస్‌బీ హబ్ పెట్టి, దానికి పెన్‌డ్రైవూ వేరే కీబోర్డూ తగిలించాను. సెక్యూర్ బూట్ అనే కాపలా ఆపేసి బూట్ మెనూ తెరిస్తే పెన్‌డ్రైవ్ పేరు ఊరికే వచ్చి కూర్చుంది. ఏ ఫైలూ చేత్తో పెట్టలేదు. డెబియన్ 12 నుంచి 64-బిట్ పెన్‌డ్రైవులోనే ఆ చిన్న గుమ్మం ఫైలు కూడా పెడుతున్నారు.

స్క్రీను మాత్రం ఇంకా పక్కకే. ల్యాప్‌టాప్‌ని పుస్తకం నిలబెట్టినట్టు అంచుమీద నిలబెట్టి ఇన్‌స్టాల్ చేశాను. జిరాక్సుకి వచ్చిన ఒకాయన చూసి "అలా పెడితే తొందరగా అవుతుందా అండీ?" అని అడిగాడు. అవునన్నాను. అబద్ధాలు నాకు కొత్త కాదు కదా.

డిస్క్ ఎంచుకునే చోట మాత్రం నెమ్మదిగా చూసుకోండి. ఇలాంటి మిషన్లలో హార్డ్‌డిస్క్ ఉండదు, ఈఎంఎంసీ ఉంటుంది. అసలు స్టోరేజితో పాటు బూట్0, బూట్1 అని 4 ఎంబీల పిల్లముక్కలు రెండు కనపడతాయి. వాటి జోలికి పోవద్దు. మెమరీ కార్డు పెట్టి ఉంటే ముందే తీసేయండి, అదీ ఇదీ ఒకే రకం పేరుతో వచ్చి గందరగోళం చేస్తాయి.

ఇన్‌స్టాలర్ మధ్యలో ఒక ప్రశ్న అడిగింది: ఏ వైఫై వాడమంటారు? షాపు వైఫై పేరు, పక్క మెడికల్ షాపు వైఫై పేరు, రెండూ చూపించింది. నేను కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. 2016లో మూడు రాత్రులు వెతికితే జాడ కూడా దొరకని చిప్పు అది. ఆ డ్రైవరు 2017లో 4.12 వెర్షన్‌తో కెర్నెల్లో చేరింది. దాని వెనక లారీ ఫింగర్, బాస్టియన్ నోసెరా, హాన్స్ డి గోడె అని ముగ్గురి పని ఉంది. లారీ ఫింగర్ అనే పెద్దాయన ఏళ్ళ తరబడి వైఫై డ్రైవర్లు బాగుచేస్తూ 2024 జూన్‌లో పోయారు. హాన్స్ డి గోడె అయితే ఇలాంటి చవక ఆటమ్ మిషన్లని ఒక్కొక్కటిగా దారికి తెచ్చిన మనిషి. నేను ఈ ల్యాప్‌టాప్ వదిలేసి పెళ్ళికార్డులు కొట్టుకుంటున్న రోజుల్లో వీళ్ళు దీని వైఫై చూస్తున్నారు.

మిగతావి త్వరగా చెబుతాను. స్క్రీను తిప్పడానికి బూట్ చేసేటప్పుడు ఒక మాట, డెస్క్‌టాప్‌లో ఒక మాట చేర్చాను. శబ్దం రాలేదు, ఇంటెల్ సౌండ్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేస్తే వచ్చింది. డెస్క్‌టాప్‌కి తేలిగ్గా ఉండే ఎల్ఎక్స్‌క్యూటీ పెట్టాను, ఖాళీగా ఉన్నప్పుడు 430 ఎంబీ తింటోంది. బ్రౌజర్లో నాలుగు ట్యాబులు దాటితే ఆయాసపడుతుంది. కెమెరా పనిచెయ్యదు, బావగారికి దానితో పని లేదు. రాయిలా బిగుసుకుపోయే జబ్బు కోసం రెండు రోజులు ఆపకుండా నడిపి చూశాను. పాత మందు వెయ్యకుండానే నడిచింది.

నేను అసలు భయపడింది తెలుగు టైపింగ్‌కి. టైపింగ్ భాషలు మార్చే ఐబస్‌లో తెలుగు తెరిస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, వాటి మధ్య "యాపిల్" అని ఉంది. మా డీటీపీ వాళ్ళ వేళ్ళకి అలవాటైన కీబోర్డు అది. ఇరవై ఏళ్ళుగా అదే కొడుతున్నాను. ఊరుగాని ఊళ్ళో మన వీధివాడు ఎదురైనట్టు అనిపించింది. బావగారికి మాత్రం ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటు కాబట్టి ఆర్‌టీఎస్ పెట్టాను. డెబియన్ తెలుగు ఫాంట్ల ప్యాకేజీలో పోతన 2000, వేమన 2000 వచ్చేస్తాయి. లిబ్రెఆఫీస్‌లో ఒత్తులు, వట్రసుళ్ళు అన్నీ తిన్నగా పడుతున్నాయి. మా షాపులో పాత యూనికోడ్ కాని ఫాంట్లలో కొట్టిన ఫైలు వేరేచోట తెరిస్తే పిచ్చిగీతలే. బావగారి అర్జీ మాత్రం ఆయన మిషన్లో, నా మిషన్లో, కలెక్టరాఫీసు గుమస్తా ఫోన్లో కూడా అర్జీలాగే కనపడుతుంది. ఈ లెక్కలో ఆయన నాకంటే ముందున్నారు.

ఇక టచ్. లోపల ఉన్నది సిలీడ్ చిప్పు. లినక్స్‌కి దాని డ్రైవరు ఉంది గానీ, పైన చెప్పిన గాజు కొలతల ఫైలు మనమే ఇవ్వాలి. ప్రపంచంలో ఎవరెవరో తమ ట్యాబ్లెట్ల నుంచి తీసిన ఫైళ్ళు పోగుచేసి పెట్టారు. దీని మోడల్‌ది లేదు. అదే సైజు వేరే మిషన్ల ఫైళ్ళు ఒక్కొక్కటీ డ్రైవరు అడిగే పేరు పెట్టి ఎక్కించి చూశాను. ఐదోది పలికింది. కాకపోతే కుడివైపు తాకితే బాణం ఎడమకి పోతుంది, మధ్యలో తాకితే మూలకి పోతుంది. కాగితం మీద పెన్సిల్‌తో లెక్క వేసుకుని, ఆరు అంకెల కాలిబ్రేషన్ వరస ఒకటి రాసి పెట్టాను. రాత్రి పదకొండింటికి, షట్టర్ సగం దించిన షాపులో, వేలు పెట్టిన చోట మెనూ తెరుచుకుంది.

పొద్దున బావగారు వచ్చారు. నేను మౌస్ తీసి పక్కన పెట్టాను. ఆయన మౌస్ కోసం వెతుక్కుంటుంటే "తాకి చూడండి" అన్నాను. నమ్మనట్టు చూసి, వేలు పంచెకి తుడుచుకుని తాకారు. ఫైలు తెరుచుకుంది. మూసి, మళ్ళీ తెరిచారు. కళ్ళజోడు పైకి జరిపి నా వైపు చూశారు.

"అప్పుడు దానంతటదే పోయిందన్నావు. ఇప్పుడు దానంతటదే వచ్చిందా?"

టీ చెప్పొస్తానని బయటికి వచ్చేశాను.