తుత్తురుబెండ మొగ్గ, ఒక చుక్క

డిగ్రీలో బాటనీ ఇష్టపడి తీసుకున్నది కాదు. ఇంటర్ మార్కులకు మా కడపలో దొరికిన సీటది. అప్పటిదాకా తెలుగు మీడియం. రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, కేసరాలు, అండకోశం అని గడగడా అప్పజెప్పేదాన్ని. డిగ్రీకొచ్చేసరికి అవే కాలిక్స్, కొరొల్లా, ఆండ్రీషియం, గైనీషియం అయి కూర్చున్నాయి. పేర్లు మారితే మారాయి, ఒక్క పువ్వునైనా కోసి చూసిన పాపాన పోలేదు. అసలు చిక్కంతా అక్కడే.

టాక్సానమీ, అంటే మొక్కల వర్గీకరణ, ప్రాక్టికల్ చెప్పుకోవడానికి చిన్నదే. ఒక కొమ్మ ఇస్తారు. దాన్ని వర్ణించి, పువ్వును నిలువుగా కోసి బొమ్మ గీసి, పుష్పచిత్రం (పువ్వు భాగాల అమరికను అడ్డుకోతలో చూపే బొమ్మ), పుష్పసంకేతం (అదే అమరికను గుర్తులతో రాసే సూత్రం) వేసి, ఏ కుటుంబమో కారణాలతో రాయాలి. మొదటి రోజు ఎవరి పువ్వు వాళ్లే తెచ్చుకోమన్నారు. ఇంటి ముందరి ముద్దమందారం కోసుకుపోయాను. రేకులు లెక్కపెడుతుంటే ఇరవై దాటినా అయిపోవే! మేడమ్ చూసి నవ్వారు. "నీ పువ్వులో కేసరాలే రేకులైపోయినాయమ్మా. రేపు ఒంటిరెక్క మందారం తీసుకురా" అన్నారు. దేవుడి పటానికి ముద్దది బాగుంటుందేమో గానీ, రికార్డుకు పనికిరాదని అలా తెలిసింది.

ఒంటిరెక్క దానిలో అన్నీ లెక్క ప్రకారం ఉన్నాయి. కింద ఎపికాలిక్స్ అనే పచ్చని చిన్నాకుల వరస, దానిపైన అయిదు రక్షక పత్రాలు, అయిదు రేకులు, కేసరాలన్నీ ఒకే గొట్టంగా అతుక్కుని, ఆ గొట్టం మధ్యలోంచి పైకొచ్చిన కీలం, చివర అయిదు ఎర్రటి గుండ్లు. అండాశయాన్ని అడ్డంగా కోస్తే అయిదు గదులు. సాయంత్రం వరండాలో కూర్చుని ఇదే పని చేస్తుంటే మా జేజి ఊరుకుంటుందా? "ఏందిమే, దేవునికి పెట్టే పూలు బ్లేడుతో కోస్తాండావు?" అని ఒకటే గొణుగుడు. కొత్త బ్లేడును రెండుగా విరిచి వాడాలి. పాతదైతే అండాశయం తెగదు, నలుగుతుంది. రెండు వేళ్లు తెగాక ఆ పని కుదిరింది.

నన్ను బాగా ఇబ్బంది పెట్టినవి కంది, తంగేడు. రెండూ పసుపే, రెంటికీ అయిదే రేకులు, పది కేసరాలు, అండకోశంలో ఒకే ఫలదళం (కార్పెల్), చివరికి కాయలు కూడా చిక్కుడు జాతివే. పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞులు బెంథామ్, హుకర్ ఇద్దరూ వీటిని లెగ్యూమినోసీ అనే ఒకే కుటుంబంలో పెట్టి, ఉపకుటుంబాలుగా విడదీశారు. విచ్చుకున్న పువ్వుల్ని పట్టుకుని వారం రోజులు తిప్పలు పడ్డాను. అసలు గుట్టు మొగ్గలో ఉంది. కంది మొగ్గను సూదితో మెల్లగా విప్పితే పెద్ద రేకు, అదే ధ్వజం, అన్నిటికంటే బయట ఉండి మిగతావాటిని దుప్పటిలా కప్పుకుని ఉంటుంది. తంగేడు మొగ్గలో ఆ స్థానంలో ఉండాల్సిన రేకు అన్నిటికంటే లోపల నక్కి ఉంటుంది. కేసరాలూ అంతే. కందిలో తొమ్మిది ఒక కట్టగా ఉంటాయి, పదోది విడిగా. తంగేడులో దేనికది విడివిడి, పైగా మూడు ఉత్త గొడ్డువి. ఆ రోజు నుంచి విచ్చుకున్న పువ్వు కంటే ముందు మొగ్గే కోసుకునేదాన్ని. పాలకొండల దోవలో తంగేడు మొగ్గలు ఏరుతుంటే మేకలు కాసే తాత ఒకాయన, ఏదో మందుకనుకుని, ఆకు కూడా కోసిచ్చాడు.

జిల్లేడు గురించి ఒక్క మాట చెప్పకపోతే మనసొప్పదు. ఆంజనేయస్వామికి దండ కట్టే పువ్వే. మధ్యలో ఉన్న అయిదు మూలల దిమ్మ సందులో సూది పెట్టి పైకి లాగితే, నల్లటి చుక్కకు వేలాడుతూ రెండు పసుప్పచ్చటి సంచులు ఊడొస్తాయి. పుప్పొడంతా ఆ సంచుల్లోనే. పురుగు కాలు ఆ సందులో ఇరుక్కుంటే చేసే పనీ ఇదే. సీనియర్ల రికార్డులో దాన్ని ఆస్‌క్లెపియడేసీ అని రాశారు. డీఎన్‌ఏ ఆధారంగా 1998లో వచ్చిన ఏపీజీ వర్గీకరణ దాన్ని గన్నేరు ఉన్న అపోసైనేసీలో కలిపేసింది. సిలబస్‌లో మాత్రం బెంథామ్, హుకర్‌లదే రాజ్యం. పరీక్షకు పాతపేరు, తెలుసుకోవడానికి కొత్తపేరు అని రెండిటినీ మోశాం.

పరీక్ష రోజు పొద్దున నా ట్రేలో తుత్తురుబెండ. చిన్నప్పుడు దాని కాయను పసుపునీళ్లలో ముంచి నోట్సు మీద ముద్రలు వేసుకున్న మొక్కే. అయినా చేతులు వణికాయి. అది మధ్యాహ్నం దాటాక గానీ విచ్చుకోదు, నాకొచ్చినవన్నీ మొగ్గలే. ఎపికాలిక్స్ కోసం వెతికాను, లేదు. అండాశయం కోస్తే అయిదు గదులు కాదు, వలయంగా పదిహేనుకు పైనే. మందారం కుటుంబమైన మాల్వేసీ అని రాయబోయిన చేయి ఆగిపోయింది. టెన్షన్‌లో నీళ్లు తాగి మళ్లీ మొగ్గ దగ్గరికే వచ్చాను. రేకులు ఒకదాని అంచు మీద ఒకటి వరుసగా మెలితిరిగి ఉన్నాయి. లోపల కేసరాలు గొట్టంగా అతుక్కున్నాయి. పుప్పొడి ఉండే పరాగకోశాన్ని ఒకదాన్ని స్లైడ్ మీద పెట్టి చూస్తే చిక్కుడు గింజ ఆకారం, ఒకటే గది. ఇంకేం కావాలి?

వైవాలో ఎక్స్‌టర్నల్ సారు అడగనే అడిగారు. "ఎపికాలిక్స్ లేదు కదా, మాల్వేసీ ఎట్లంటావమ్మా?"

"కేసరాల గొట్టం, ఒకే గది ఉన్న పరాగకోశం ఉన్నాయి సార్. ఎపికాలిక్స్ కొన్నిటికి ఉండదు" అన్నాను. తల ఊపి, బెంథామ్, హుకర్‌ల పద్ధతిలో మొత్తం ఎన్ని కుటుంబాలని అడిగారు. 202 అన్నాను. తర్వాత పుష్పచిత్రం మీద పెన్ను పెట్టి, "తల్లి అక్షం ఏదీ?" అన్నారు.

పువ్వు పుట్టిన కాడ ఎటువైపుందో చూపడానికి బొమ్మ పైన పెట్టే చుక్కే తల్లి అక్షం. అది పెట్టడం మరిచిపోయాను. పెన్ను తీసేలోపే ఆయన పేపరు లాక్కుని మార్కు తగ్గించేశారు.