పన్నెండు టమాటా మొక్కలు మాడ్చాక మట్టి కలపడం నేర్చుకున్నా

పోయిన జూన్‌లో సంగతి. తొలకరి పడింది కదా అని ఒక ఆదివారం పొద్దున్నే మేడ మీద టార్పాలిన్ పరిచి, ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), పేడ ఎరువు అన్నీ కుప్ప పోసి పారతో తిరగేసి, సాయంత్రానికల్లా పన్నెండు పెయింట్ బకెట్లు నింపేసి టమాటా నారు కూడా పెట్టేశా. ఒక్కరోజులో పని అయిపోయిందని తెగ మురిసిపోయా. నాలుగో రోజుకి ఆకుల అంచులు మాడటం మొదలైంది, వారం తిరిగేసరికి ఒక్కొక్కటీ తల వాల్చేసింది. నీళ్లు చాల్లేదేమో అని ఇంకో రెండు మగ్గులు పోశా, అదీ నా తెలివి.

ఎందుకో అనుమానం వచ్చి బకెట్లో వేళ్లు పెట్టి చూశా. మబ్బు పట్టిన రోజు, పైన మట్టి చల్లగానే ఉంది, నాలుగంగుళాలు లోపలికి వెళ్తే గోరువెచ్చగా తగులుతోంది, పైగా ముక్కు మండే వాసన. ఊళ్లో నాన్నకి ఫోన్ చేశా.

"ఎరువు ఎక్కడ తెచ్చావురా?"

"పక్క కాలనీలో గేదెలున్నాయి నాన్నా, రెండు బస్తాలిచ్చారు."

"ఎన్నాళ్ల దిబ్బ అది?"

నాకేం తెలుసు, పొడిగా నల్లగా ఉంది, చూడ్డానికి ఎరువులానే ఉంది. "పైన ఎండితే మాగినట్టు కాదురా, దిబ్బలో ఏడాది పడున్నాక ఎండాకాలంలో చేలోకి తోలేవాళ్లం, చూళ్లేదా నువ్వు?" అన్నారు. చూశా, చిన్నప్పుడు ఆ బండెక్కి కూర్చునేవాణ్ణి కూడా, కానీ ఎందుకు ఆగుతున్నారో ఎప్పుడూ అడగలేదు.

నేను చేసిన ఇంకో ఘనకార్యం నాన్నకి చెప్పలేదు. ఆముదం పిండి, అంటే గింజల్లోంచి నూనె తీశాక మిగిలే పిప్పి, అది కూడా గుప్పెళ్లకి గుప్పెళ్లు వేశా. ఆర్గానిక్ కదా, ఎక్కువైతే ఏమవుతుందిలే అని. పేడ ఎరువులో నత్రజని అర శాతం అటూ ఇటూ ఉంటే ఆముదం పిండిలో నాలుగు శాతం పైనే ఉంటుంది. అది మట్టిలో కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, అమ్మోనియా వస్తుంది. పొలంలో అయితే ఎకరమంతా చల్లుతారు, వేరుకి పక్కకి పోవడానికి చోటుంటుంది. ఇరవై లీటర్ల బకెట్లో ఎక్కడికి పోతుంది పాపం? పైగా కింద ఫ్లాట్ వాళ్ల కుక్క మేడెక్కి ఆ బకెట్లే తవ్వుతుండేది, ఆముదం పిండిలో రైసిన్ అనే విషం ఉంటుందనీ, కుక్కలు తింటే ప్రాణానికే ముప్పనీ నాకు తర్వాతే తెలిసింది. గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు మా మేడ మీదకి వేపపిండి తప్ప ఆముదం పిండి రానివ్వట్లేదు.

చచ్చిపోయిన మొక్కలు పీకేసి మట్టంతా సిమెంట్ సంచుల్లో పోసి ఓ మూల పడేశా, మనసు విరిగి రెండు నెలలు అటు చూళ్లేదు. ఆగస్టు చివర్లో పారేద్దామని మూతి విప్పితే వేడీ లేదు, వాసనా లేదు, వాన పడ్డ నేల వాసన. సరే పోయేదేముందని బెండ గింజలు పెట్టా. అదే మట్టి, అవే పాళ్లు, కొత్తగా కలిపిందేమీ లేదు, దసరా దాటాక కూడా బెండకాయలు కోస్తూనే ఉన్నాం. పాళ్ల గురించి అందరూ తెగ వాదించుకుంటారు గానీ నా మట్టికి తక్కువైంది రోజులే.

పాళ్లు అడిగేవాళ్లకి నావి చెప్తా: రెండు తట్టల ఎర్రమట్టి, ఒక తట్ట కోకోపీట్, ఒక తట్ట వర్మీకంపోస్ట్ గానీ బాగా మాగిన పేడ ఎరువు గానీ. పన్నెండంగుళాల కుండీకి లెక్కేస్తే వేపపిండి ఒక గుప్పెడు, ఎముకల పొడి అర గుప్పెడు. మట్టి మరీ బంకగా ఉంటే ఓ అర తట్ట ఊక. కోకోపీట్ దిమ్మని మాత్రం టబ్బులో నానబెట్టి రెండుసార్లు పిండండి, అందులో ఉప్పు ఉంటుంది, మొదటిసారి వచ్చే నీళ్లు డికాక్షన్‌లా ఉంటాయి. వర్మీకంపోస్ట్ బస్తా కూడా నమ్మేయకండి, నాకు ఒకచోట సగం ఇసుకే అంటగట్టారు. గ్లాసు నీళ్లలో గుప్పెడు వేసి కలిపితే ఇసుక అడుక్కి దిగిపోతుంది, తెలిసిపోతుంది.

కలిపాక నీళ్లు చిలకరించి పిడికిట్లో నొక్కి చూస్తా. ఉండ కట్టాలి, వేలితో పొడిస్తే విరిగిపోవాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. సంచుల్లో పోసి మూతి వదులుగా కట్టి నీడలో పెట్టి, వారానికోసారి తిరగేస్తా. మూడు వారాలు పెడతా, పేడ మీద అనుమానం ఉంటే ఇంకా ఎక్కువ. మొదట్లో పైన తెల్లగా బూజు వస్తుంది, మా ఆవిడ భయపడి పారేయబోయింది, అది వేపపిండిని తినే బూజు, ఏం కాదు. చివర్లో ప్రతి సంచిలోంచి కొంచెం మట్టి టీ కప్పులో వేసి మెంతులు చల్లుతా. నాలుగైదు రోజుల్లో పచ్చగా మొలిస్తే సరే, మొలకల కొసలు మాడితే ఆ సంచి మళ్లీ మూలకే.

ఈసారి నాలుగు సంచులు కలిపా. మూడు కప్పుల్లో మెంతులు బాగా వచ్చాయి, నాలుగోది తేడాగా ఉంది, సంచిలో చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంది. నారేమో ఐదాకులేసి ట్రేలో ఇరుక్కుపోతోంది. నాన్న నిన్న ఫోన్ చేసి "నాటావా?" అన్నారు. మూడు సంచుల మట్టికి నాటా, నాలుగోది మళ్లీ తిరగేసి కట్టా అని చెప్తే "ఊఁ" అని పెట్టేశారు.