ఖాళీ క్రేట్ల ఖర్చు: ఎలక్ట్రిక్ మినీ ట్రక్కుతో ఒక మామిడి సీజన్ లెక్కలు

ఓడోమీటరు 21,340

మార్చి చివరి వారంలో బండి ఇంటికొచ్చింది. సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ మినీ ట్రక్కు. టాటా ఏస్ సైజు అంటే మనూళ్లో అందరికీ అర్థమవుతుంది. బ్యాటరీ 21 యూనిట్లు, మోసేది 600 కిలోలు. ముందు ఓనరు పార్సిళ్లకు తిప్పాడు. కంపెనీ పేరు రాయడం లేదు. ఏ కంపెనీ బండి ఉన్నవాళ్లకైనా పనికొచ్చే లెక్కలు రాసిపెట్టాలని నా కోరిక.

ఉండేది తిరుపతిలో, పేరూరు వైపు. వారమంతా ఆఫీసు ఉద్యోగం. మామిడి తోట దామలచెరువు దగ్గర, చిన్నాన్న చూసుకుంటారు. తోతాపురి ఎక్కువ, బేనిషా కొంచెం, గట్టు మీద నాలుగు ఖాదర్ చెట్లు. ఇంటి నుంచి తోటకు 38 కిలోమీటర్లు. చంద్రగిరి, పనపాకం, గాదంకి టోల్‌గేటు దాటి లోపలికి తిరగాలి.

బండి కొనాలన్న ఆలోచన 2025 సీజన్‌లో పుట్టింది. తోతాపురి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీలు ఇచ్చే ఎనిమిది రూపాయలకు ప్రభుత్వం నాలుగు కలిపి కిలోకు 12 వచ్చేలా చూడాల్సి వచ్చిన ఏడాది అది. కాయ ధర అలా ఉన్నప్పుడు బండి బాడుగే సగం ప్రాణం తీస్తుంది. బేనిషా, ఖాదర్ కాయల్ని తిరుపతిలో తెలిసినవాళ్ల ఇళ్లకు నేనే చేర్చగలిగితే చాలనుకున్నాను. బండ్ల మీద, బ్యాటరీల మీద చిన్నప్పటి నుంచీ ఉన్న ఇష్టం కూడా తోడైంది.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు, అంటే ట్రాన్స్‌పోర్టు రిజిస్ట్రేషనే. అయినా బ్యాటరీ బండ్లకు పర్మిట్ అక్కర్లేదని కేంద్రం 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. 7,500 కిలోల లోపు బండి నడపడానికి మామూలు కారు లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో మళ్లీ స్పష్టం చేసింది. కొనేముందు గట్టిగా అడగాల్సింది ఒక్కటే: ఆర్‌సీ మన పేరు మీదికి మారితే బ్యాటరీ వారంటీ కూడా మారుతుందా? రాతలో తీసుకోండి.

ఓడోమీటరు 21,362

మొదటి రాత్రే ఆగిపోయాను. ఛార్జర్ పెట్టగానే ఎర్రలైటు. బండిది కాదు లోపం, మా ఇంటిది. ఇల్లు కట్టినప్పుడు వేసిన ఎర్తింగ్ ఎప్పుడో చచ్చిపోయింది. ఫ్రిజ్, మిక్సీ పట్టించుకోలేదు గానీ ఛార్జర్ ఒప్పుకోలేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో కొత్త ఎర్త్ గుంత తీశాడు. రెండడుగులు దాటగానే గుండు రాయి. జరిగి జరిగి మూడో చోట ఆరడుగులు దిగింది. రాగి ప్లేటు, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, పైకి ఒక పైపు వదిలాడు. మన నేల ఎండాకాలంలో పెంకులా ఎండిపోతుంది కాబట్టి ఆ పైపులో వారానికో బిందె నీళ్లు పోస్తున్నాను. ఎర్రలైటు మళ్లీ రాలేదు.

సాకెట్ కూడా మార్చాను. మామూలు 15 ఆంపియర్ల సాకెట్‌లో రెండు గంటలు ఛార్జింగ్ పెట్టి ప్లగ్గు ముట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడి. ఏసీ అయితే మధ్యమధ్యలో ఆగుతుంది, ఛార్జర్ ఏడెనిమిది గంటలు ఆపకుండా లాగుతుంది. 4 ఎంఎం వైరు, విడిగా ఎంసీబీ, నీలం రంగు ఇండస్ట్రియల్ ప్లగ్గు వేయించాను. ఇప్పుడు పొద్దున చూసినా గోరువెచ్చగా కూడా ఉండదు. దాని పక్కనే సబ్ మీటర్ పెట్టించాను. ఈ లెక్కలన్నింటికీ ఆధారం ఆ మీటరే. బండిలో కనిపించేది బ్యాటరీలోంచి పోయిన కరెంటు. మనం బిల్లు కట్టేది గోడలోంచి వచ్చిన కరెంటుకు. రెంటికీ నూటికి పది దాకా తేడా వస్తోంది.

ఓడోమీటరు 21,800

ఏప్రిల్‌లో వరుసగా నాలుగు ఆదివారాలు తోటకు వెళ్లొచ్చాను. ప్రతిసారీ బయల్దేరేముందు, చేరాక, తిరిగొచ్చాక బ్యాటరీ శాతం రాసుకున్నాను. వేగం 40 నుంచి 45 మధ్యే.

వెళ్లేటప్పుడు ఖాళీ బండి. 27 శాతం అయింది. వచ్చేటప్పుడు లోడ్ బండి. మొదటి కాయ ఇంకా కోతకు రాలేదు కాబట్టి ఎండిన కొమ్మల కట్టెలు, కొబ్బరికాయలు కలిపి 550 కిలోల దాకా వేసుకొచ్చాను. 22 శాతమే అయింది.

నాలుగు వారాలూ ఇదే వరస. ఖాళీగా వెళ్తే ఎక్కువ, బరువుతో వస్తే తక్కువ. టైర్లలో గాలి చూశాను. బ్రేకు పట్టేస్తోందేమోనని జాకీ ఎత్తి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పి చూశాను. ఏమీ లేదు. ఒక వారం పట్టింది నాకు ఇది తెలియడానికి.

దారి చూపింది తిరుమల బస్సు. కొండకు 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి కదా. దర్శనం చేసుకుని దిగి వస్తూ ముందు సీట్లో కూర్చున్నాను. డ్రైవరన్నను అడిగితే, "ఎక్కేటప్పుడు తాగేస్తాది సార్, దిగేటప్పుడు కొంత కక్కేస్తాది" అన్నాడు. ఇంటికొచ్చి ఫోన్‌లో ఎత్తు చూశాను. మా ఇంటికంటే తోట దాదాపు 200 మీటర్ల ఎత్తులో ఉంది! హైవే మీద పోతుంటే చదునుగానే అనిపిస్తుంది. ఇన్నేళ్లు తిరిగిన దారి, ఎక్కుతున్నామని ఒక్కసారీ తోచలేదు.

లెక్క వేస్తే సరిపోయింది. లోడ్‌తో కలిపి 1,800 కిలోల బండి 200 మీటర్లు దిగిందంటే దాదాపు ఒక యూనిట్ శక్తి చేతికొచ్చినట్టే. ఖాళీ బండి 1,250 కిలోలు అదే ఎత్తు ఎక్కాలంటే 0.7 యూనిట్ పెట్టుబడి. బరువు నిజంగా ఎంత తింటుందో తెలియాలంటే ఒకే దిక్కులో పోల్చాలి. ఒక ఆదివారం కావాలనే ఖాళీగా తిరిగొచ్చాను. 18 శాతం. అంటే 550 కిలోలకు నేను కట్టింది నాలుగు శాతం మాత్రమే.

ఓడోమీటరు 22,410

మే నెల. ఒకరోజు ఆఫీసు పని ఉండి తొందరలో 60 మీద పోనిచ్చాను. వెళ్లడానికి 35 శాతం, లోడ్‌తో రావడానికి 30. రాత్రి సబ్ మీటర్ 15.2 యూనిట్లు చూపించింది. మెల్లగా పోయిన రోజు 11.4 యూనిట్లే. కలిసొచ్చింది ఒక్కో వైపు పావుగంట.

బరువుకు నాలుగు శాతం, వేగానికి ఎనిమిది శాతం. ఈ రెండు అంకెలూ నా నోట్‌బుక్ అట్ట మీద పెద్దగా రాసుకున్నాను.

ఇక అసలు విషయం. కోత మొదలయ్యాక పక్క తోటవాళ్లకు కూడా క్రేట్లు కావాలన్నారు. 70 ఖాళీ క్రేట్లు వేశాం. క్యాబిన్ మీద నుంచి నాలుగడుగులు పైకి లేచాయి. తాడు అడ్డంగా, నిలువుగా బిగించాం. మొత్తం కలిపినా 130 కిలోలు దాటదు. 60 మీద పోతే తోట చేరేసరికి 41 శాతం ఖర్చు! గాలి క్రేట్ల కంతల్లోంచి దూరి ఈల వేస్తూనే ఉంది దారంతా. అరటన్ను కాయలు డాలా (బండి పక్క పలకల) లెవల్లో పేర్చుకుంటే పడని ఖర్చు, గాలితో నిండిన ప్లాస్టిక్ పెట్టెలకు పడింది.

తర్వాతి వారం అవే 70 క్రేట్లు, 45 దాటకుండా వెళ్లాను. 29 శాతం. ఆ పై వారం ముందు వరసను క్యాబిన్ ఎత్తుకు దించి, వెనక్కి పోయేకొద్దీ మెట్లుగా పేర్చి, పైన టార్పాలిన్ పట్ట లాగి నాలుగు మూలలా బిగించాను. 60 మీదే పోయాను. 37. పట్ట రెపరెపలాడితే లాభం లేదు, డప్పు తోలులా బిగువుగా ఉండాలి. దీనికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ప్రతి వారం ఆ పది నిమిషాలూ పెడుతున్నాను.

ఓడోమీటరు 22,950

అమెరికాలో ఎలక్ట్రిక్ పికప్‌ల మీద జరిగే వాదనలు నేను మొదటి నుంచీ శ్రద్ధగా చూస్తాను. రివియన్ 2021లో వచ్చింది, ఫోర్డ్ లైట్నింగ్ 2022లో, టెస్లా సైబర్‌ట్రక్ 2023 నవంబరులో. లైట్నింగ్ పెద్ద బ్యాటరీ 131 యూనిట్లు, నా బండికి ఆరు రెట్లు. ఒక ఛార్జికి 515 కిలోమీటర్లు అని అక్కడి ప్రభుత్వ లెక్క. వెనక పెద్ద ట్రెయిలర్ తగిలిస్తే అది సగానికి పడిపోతుంది. చాలామంది ఓనర్ల ఫిర్యాదూ అదే. బరువు లాగలేకపోతోంది అనుకునేవాడిని ఇన్నాళ్లూ. క్రేట్ల అనుభవం తర్వాత వేరేలా అర్థమైంది. మోటారుకు 4,500 కిలోలు లాగే బలం ఉంది. గోడలాంటి ట్రెయిలర్‌ను హైవే వేగంతో గాలిలోకి తోస్తున్నారు, బ్యాటరీ అక్కడే కరుగుతోంది. పడవలాంటి చదునైన ట్రెయిలర్ లాగేవాళ్లకు బాధ తక్కువ. 2025 డిసెంబరులో ఫోర్డ్ లైట్నింగ్‌ను ఆపేసి, తర్వాతి మోడల్‌లో పెట్రోలు జనరేటర్ పెడతామని చెప్పింది. దూరాలు పోయే ట్రెయిలర్ జనాలకు అది సరైన నిర్ణయమే అనుకుంటాను. ఆ బండిలో నాకు బాగా నచ్చింది మాత్రం ముందూ వెనకా ఉండే ప్లగ్గులు. అన్నీ కలిపి 9.6 కిలోవాట్ల దాకా ఇస్తాయి, ఇల్లు నడుస్తుంది, వెల్డింగ్ మెషీన్ నడుస్తుంది. మన మినీ ట్రక్కులకు అందులో మూడో వంతు పెట్టినా తోటల్లో మందు కొట్టే మోటార్లకు ఎంత ఆసరా అవుతుందో!

మన దగ్గర వీటిని ఎవరు ఎలా వాడుతున్నారో కూడా రాసుకుంటున్నాను. రేణిగుంట రోడ్డు ఛార్జింగ్ దగ్గర వాటర్ క్యాన్లు వేసే అన్న పరిచయమయ్యాడు. "రేంజితో మాకేం పని సార్? పొద్దున నాలుగు ట్రిప్పులు, సాయంత్రం మూడు. రోజుకు 60 కిలోమీటర్లు దాటదు. రాత్రి ఇంటి దగ్గర ప్లగ్గు" అన్నాడు. ఎక్కువ సార్లు ఆగి బయల్దేరే పని అతనిది. ప్రతిసారీ ఇంజిన్ ఆపి స్టార్ట్ చేసే బాధ పోయింది, క్లచ్ కాలు నొప్పి పోయింది. అతను అన్నింటికంటే ముందు చెప్పింది ఈ కాలు నొప్పి సంగతే.

దీనికి పూర్తిగా ఎదురు, కూరగాయల వ్యాపారం చేసే ఒకాయన. తిరుపతి నుంచి చెన్నై కోయంబేడుకు రాత్రి లోడ్ వేసుకెళ్లాడు. దూరం 140 కిలోమీటర్ల దాకా ఉంటుంది, లారీల మధ్య 60 మీద పోవాల్సిందే. దారిలో ఛార్జింగ్ కోసం ఆగి, మార్కెట్ చేరేసరికి వేలం అయిపోయింది. ఇప్పుడు చెన్నైకి డీజిల్ బండి పెట్టుకుని, దీన్ని ఊళ్లో షాపులకు తిప్పుతున్నాడు. నా మాట కూడా అదే. రోజుకు 90 కిలోమీటర్ల లోపు, తెలిసిన దారి, రాత్రి నిలిపే చోట సొంత ప్లగ్గు: ఈ మూడూ ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. మూడింట్లో ఒకటి లేకపోయినా ఆగండి, ఎవరెంత చెప్పినా ఆగండి.

ఓడోమీటరు 23,120

జూన్‌లో పది రోజులు ఊళ్లో లేను. వచ్చి తాళం తిప్పితే బండి మౌనంగా ఉంది. పెద్ద బ్యాటరీలో 80 శాతం ఉంది గానీ, దాన్ని కలిపే స్విచ్చికి కరెంటిచ్చే మామూలు 12 వోల్టుల బ్యాటరీ దిగిపోయింది. పక్కింటి ఆటో అబ్బాయి జంపర్ వైర్లు పెడితే అర నిమిషంలో లేచింది. వారం దాటి నిలిపితే ఆ చిన్న బ్యాటరీ నెగటివ్ వైరు తీసేస్తున్నాను. పది నంబరు స్పానరొకటి సీటు కింద ఉంటే చాలు.

ఎండ సంగతి: మేలో 42 డిగ్రీల రోజుల్లో తోట నుంచి రాగానే ఛార్జింగ్ పెట్టడం మానేశాను. బండిని కానుగ చెట్టు కింద నిలిపి, రాత్రి పది తర్వాత పెడతాను. వారంలో ఒకసారి నూరు శాతం నింపుతాను. ఇది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ కాబట్టి అప్పుడప్పుడూ పూర్తిగా నిండకపోతే శాతం తప్పు చూపిస్తుంది. ఒకసారి 23 ఉన్నది ఇంటి మలుపులో ఉన్నట్టుండి 14 అయ్యింది. ఆ టెన్షన్ మళ్లీ వద్దు.

ఖర్చు: మెల్లగా పోతే ఒక రౌండు 11.4 యూనిట్లు, మా ఇంటి పై స్లాబ్‌లో వంద రూపాయలు దాటుతుంది. అంతకుముందు బాడుగకు పిలిచిన డీజిల్ బండి అదే దారికి నాలుగు లీటర్ల పైనే తాగేది.

ఓడోమీటరు 23,870

జూలై మూడో వారం. తోతాపురి ఆఖరి కోత అయిపోయింది. వచ్చే ఆదివారం మొదటిసారి బరువు పైకి మోయాలి: చెట్ల పాదులకు 550 కిలోల దిబ్బ ఎరువు. ఎక్కుడు, లోడ్ రెండూ కలిస్తే 34 శాతం అవుతుందని లెక్క వేశాను, వేగం 45 దాటనివ్వను. చిన్నాన్నకు ఫోన్ చేసి చెప్తే, మోటారు షెడ్డు గోడ మీద సుద్దముక్కతో 34 అని రాసిపెట్టానన్నారు. "నువ్వు వచ్చినాక పక్కన అసలుది రాస్తాం నాయనా, ఎరువు మాత్రం కాస్త తడిపి ఏసుకురా, దారంతా ఎగిరిపోతాది" అన్నారు. తడిపితే బరువు పెరుగుతుంది. ఎక్కించేముందు, తడిపాక రెండుసార్లు తూకం వేయించాలి.