మెట్టుగూడ నుంచి మైండ్‌స్పేస్‌కి, ఫియట్‌లో

మా ఇల్లు మెట్టుగూడలో. ఆఫీసు మాదాపూర్ మైండ్‌స్పేస్ దగ్గర. సుమారు 20 కిలోమీటర్ల ఈ దారిలో నేను రోజూ నడిపేది 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని. ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ లెండి, మనకది ఎప్పుడూ ఫియట్ కారే. ఇంటి పక్కనే మెట్రో పెట్టుకుని ఈ పాత బండితో తంటాలెందుకని స్నేహితులు అడుగుతుంటారు. మొన్న మే నెలలో ఒక సోమవారం ఎలా గడిచిందో చెబుతాను, తంటాయో కాదో మీరే చూడండి.

ఏడు కొట్టకముందే గేటు దాటాలి, అది మొదటి షరతు. బానెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్లు, ఇంజిన్ ఆయిల్ చూసుకున్నాను. చోక్ కొంచెం లాగి తాళం తిప్పితే రెండోసారికి అందుకుంది. సికింద్రాబాద్, ప్యారడైజ్ దాటేదాకా పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. ఏసీ లేదు కానీ ముందు తలుపులకు చిన్న మూడుమూలల అద్దాలుంటాయి. వాటిని లోపలికి తిప్పితే గాలి సూటిగా మెడకు తగులుతుంది. బేగంపేట దాకా ఆ సుఖం ముందు ఏ ఏసీ పనికిరాదు.

ఈ కారు నెమ్మది కదా, వెనకవాళ్లు తిడతారేమో అని చాలామంది అనుకుంటారు. 1089 సీసీ ఇంజిన్‌కి ఊళ్లో కావలసినంత వేగం ఉంది. అసలు చిక్కు ఆపడంలోనే. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, గట్టిగా తొక్కాలి, ముందు నుంచే తొక్కాలి. అందుకని ముందు బండికి దూరం ఉంచుతాను. ఆ ఖాళీలోకి ఒక ఆటో దూరుతుంది, నేను మళ్లీ వెనక్కి తగ్గుతాను, ఇంకో బైకు దూరుతుంది. గ్రీన్‌ల్యాండ్స్ నుంచి పంజాగుట్ట దాకా ఇదే భాగోతం. సిగ్నల్ దగ్గర ఒక పెద్దాయన ఆటోలోంచి తల బయటపెట్టి, "మా సేఠ్ దగ్గర గిదే ఉండె సార్, గేరు స్టీరింగ్ కిందనే కదా?" అన్నాడు. అవునని రాడ్ ఆడించి చూపించేలోపు గ్రీన్ పడింది.

కేబీఆర్ పార్క్ నుంచి చెక్‌పోస్ట్ వైపు ఎక్కుడు రెండో గేరులో లాగించాను. 45వ నంబరు రోడ్డు దాటి దుర్గం చెరువు తీగల వంతెన ఎక్కేసరికి ఎనిమిదింపావు. 2020లో తెరిచిన ఆ వంతెన మీద నా ముందూ వెనకా అన్నీ తెల్ల ఎస్‌యూవీలే. బేస్‌మెంట్ పార్కింగ్‌లో సెక్యూరిటీ బాబు మాత్రం నా ఫియట్‌కి స్తంభం పక్క మూల ఖాళీ పెట్టి ఉంచుతాడు, ఎవరూ గీతలు పెట్టకూడదట.

తిరుగు ప్రయాణం వేరే కథ. సాయంత్రం ఐదున్నరకు రోడ్డు ఇంకా సెగలు కక్కుతోంది. పంజాగుట్ట జంక్షన్‌కి ముందు జామ్‌లో ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వేపర్ లాక్. ఈ బండ్లలో పెట్రోల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. కదలకుండా నిలబడితే ఆ వేడికి పంపులోని పెట్రోల్ ఆవిరైపోతుంది, ఇక పంపు లాగేదేమీ ఉండదు. కానిస్టేబుల్ వచ్చి "తోయాల్నా సార్?" అన్నాడు. తోసినా లాభం లేదు, పక్కకు మాత్రం జరిపాం. డిక్కీలో ఎప్పుడూ ఉండే పాత తువ్వాలు నీళ్లలో ముంచి పంపు మీద చుట్టాను. చుయ్‌మంది. నీళ్లు మళ్లీ పోశాను, ఇంకోసారి పోశాను. పావుగంటకు పంపు చేత్తో పట్టుకోగలిగినంత చల్లబడింది. స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు అందుకుంది. కానిస్టేబుల్ మాత్రం తువ్వాలు వైపు అనుమానంగా చూశాడు.

దారిలోనే కదా అని రాణిగంజ్‌లో మెకానిక్ దగ్గర ఆగాను. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు పైపులకు అది పడదు. ఒక పైపు అప్పటికే మెత్తబడి ఉబ్బింది. దాన్ని మారుస్తూ, ఇక ఆదివారాలకే బయటికి తీయమంటావా అని అడిగాను. "నిలవెడితేనే ఖరాబైతది సార్. రోజు తిప్పాలె" అన్నాడు. నాకూ అదే అనుభవం. వాడకుండా ఉంచితే కార్బరేటర్‌లో పెట్రోల్ జిగురు కడుతుంది, బ్రేక్ సిలిండర్లు పట్టేస్తాయి, బ్యాటరీ చచ్చిపోతుంది. తయారీ ఆగి ఎన్నేళ్లయినా ముంబైలో ఈ బండ్లు 2023 అక్టోబరు దాకా టాక్సీలుగా తిరిగాయి. వాటిని ఇంటికి పంపింది బండి వయసు మీద పెట్టిన 20 ఏళ్ల పరిమితి.

చట్టంలో ఇంకో తమాషా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' అక్షరాల ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. ఆ నంబరు తీసుకుంటే మాత్రం రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోల్, రిపేరు, అంతే. గౌరవం ఇచ్చి గదిలో కూర్చోబెట్టడమన్నమాట. 2036 దాకా నా బండికి ఆ అర్హత రాదు, వచ్చినా నేను అడగను.

ప్రస్తుతానికి ఐదేళ్లకోసారి చేయించే ఆర్‌సీ రెన్యువల్ దగ్గరపడింది. ఫిట్‌నెస్ పరీక్షకు ముందు ఎడమ హెడ్‌లైట్ రిఫ్లెక్టర్ మార్చాలి, హారన్ చూపించాలి. శనివారం పొద్దున్నే రమ్మన్నాడు మెకానిక్. సోమవారానికి బండి నాకు కావాలని గట్టిగా చెప్పి వచ్చాను.