పాత బాంబర్‌కి వేసే కొత్త రేకు

రెండో ప్రపంచయుద్ధ కాలపు బాంబర్‌ని మ్యూజియం కోసం బాగుచేసేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: ఇది మళ్లీ ఎగురుతుందా, నిలబడుతుందా? ఎగరాల్సిన విమానంలో అనుమానం వచ్చిన ప్రతి భాగాన్నీ తీసి కొత్తది వేయాలి. అక్కడ ప్రాణాలతో పని. నిలబెట్టి చూపించే విమానంలో ఆ నియమం తలకిందులవుతుంది. తన బరువు తాను మోయగలిగితే చాలు, పాత లోహం ఎంత మిగిలితే అంత మేలు. అమెరికా వాయుసేన జాతీయ మ్యూజియంలో ఉన్న బి-17 బాంబర్ 'మెంఫిస్ బెల్' 2005లో ఆ మ్యూజియం ఉన్న డేటన్ చేరింది, 2018 మే 17న ప్రదర్శనకు వచ్చింది. యుద్ధ ఖర్చుకి బాండ్లు అమ్మడానికి ఊరూరా తిప్పిన యాత్రలో జనం దాని రేకు మీద గీసిన పేర్లు ఈ పనిలో బయటపడ్డాయి. ఆ రేకుల్ని తీసి కొత్తవి బిగించి ఉంటే అవి పోయేవి, వాటికి నకలు ఉండదు.

స్పానర్ పట్టేముందు ప్రమాదకరమైనవాటిని వెతకాలి. మీటర్ల ముళ్లకీ అంకెలకీ రేడియం రంగు పూసి ఉంటుంది. ఇప్పుడు వెలగడం లేదు కదా అని చేత్తో పట్టుకుంటారు. వెలుగు పోయింది అందులోని జింక్ సల్ఫైడ్ పాడైనందువల్ల. రేడియం-226 సగం తరగడానికి 1,600 ఏళ్లు పడుతుంది. డయల్ అద్దం తెరవకూడదు, పగిలినదాన్ని ఊదకూడదు. డయళ్లన్నీ ఒకే బీరువాలో పెడితే లోపల రేడాన్ వాయువు చేరుతుంది కాబట్టి గాలి బయటికి పోయే ఏర్పాటు ఉండాలి. శత్రువుకి చిక్కకుండా పేల్చేయడానికి కొన్ని రేడియో పెట్టెల్లో చిన్న పేలుడు గొట్టం అమర్చేవారు. అది ఉందో లేదో నిపుణులే చూడాలి. ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ ఆస్‌బెస్టాస్, పసుపుపచ్చ ప్రైమర్‌లో (రంగు కింద వేసే అడుగుపూతలో) జింక్ క్రోమేట్, బోల్టుల మీద కాడ్మియం పూత లాంటి విషపదార్థాలు ఉంటాయని ముందే అనుకుని మాస్కు వేసుకోవాలి. పొడిగా గీకడం మాత్రం వద్దు.

తర్వాత తుప్పు. అల్యూమినియానికి ఎర్ర తుప్పు రాదు, తెల్లటి పిండిలాంటి పొడి వస్తుంది. పైన కనిపించే చుక్కలు పెద్ద గండం కాదు. అసలు చూడాల్సింది రేకు మీద రేకు ఎక్కే అతుకులు. లోపల పుట్టిన తుప్పు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రేకుల్ని కలిపి బిగించే మేకులు, అంటే రివెట్‌కీ రివెట్‌కీ మధ్య రేకు దిండులా ఉబ్బుతుంది, చివరికి రివెట్ తలలు తెగి ఎగిరిపోతాయి. రెక్క దూలాల్లోని మందపాటి పట్టీల్లో తడిసిన పుస్తకంలా లోహం పొరలు పొరలుగా విచ్చుకుంటే దాన్ని గీకి బాగుచేయలేం. మిగిలిన మందం కొలిచి, బరువు ఆ చోట పడకుండా వేరే ఆధారం ఇవ్వాలి. విమానం పొట్ట అడుగు, బ్యాటరీ కింద భాగం, ఎలుకలు గూడు కట్టిన మూలలు తప్పకుండా చూడాలి. ఎలుకల మూత్రం రేకుని చిల్లులు పడేదాకా తినేస్తుంది.

శుభ్రం చేయడానికి ఇసుక బ్లాస్టింగ్ వాడకూడదు. పలుచని రేకు వంకరపోతుంది, పైనున్న శుద్ధ అల్యూమినియం పొర ఊడిపోతుంది. స్టీల్ ఉన్ని, స్టీల్ బ్రష్ కూడా వద్దు. వాటి నలుసులు మెత్తటి లోహంలో గుచ్చుకుని కొత్త తుప్పుకి విత్తనాలవుతాయి. నైలాన్ ప్యాడ్, ప్లాస్టిక్ గరిటె, ఓపిక ఉంటే చాలు. ఆమ్లపు ద్రావణం వాడాల్సి వస్తే అతుకుల్లోకి దిగకుండా చూసుకోవాలి. దిగిందంటే కడిగి బయటికి తీయడం అసాధ్యం.

రివెట్ తీయడం చేతి నేర్పు పని. తల మధ్యలో పంచ్‌తో గుర్తు పెట్టి, తల మందం వరకే డ్రిల్ చేసి, పంచ్ దూర్చి పక్కకి వంచితే తల ఊడుతుంది. వెనక బరువైన ఉక్కుదిమ్మ ఆనించి కాడని తట్టి తీయాలి. తొందరపడి రేకు దాకా డ్రిల్ దించితే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగి, పై సైజు రివెట్ వేయాల్సి వస్తుంది. అలా పెద్దవి చేసుకుంటూ పోతే రేకు అంచు దగ్గర చోటు మిగలదు; రంధ్రం మధ్య నుంచి అంచుకి కనీసం రివెట్ వ్యాసానికి రెండింతల దూరం ఉండాలి.

కొత్త రివెట్ పొడవు లెక్క సులువు: కలిపే రేకుల మొత్తం మందానికి రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు కలపాలి. 0.032 అంగుళం రేకులు రెండైతే 0.064, 1/8 అంగుళం రివెట్‌కి 0.1875 కలిపితే పావు అంగుళం. రంధ్రానికి 30 నంబరు డ్రిల్, 3/32 రివెట్‌కైతే 40 నంబరు. కొట్టాక వెనక ఏర్పడే తల వెడల్పు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు వ్యాసంలో సగం ఉండాలి. తల మీద చిన్న గుంట ఉన్నది 2117 అనే అల్యూమినియం మిశ్రమం, ఉన్నదున్నట్టు కొట్టొచ్చు. 2024 అనే మరో మిశ్రమపు రివెట్లని వేడిచేసి చల్లార్చాక ఫ్రీజర్‌లో దాచాలి. బయటికి తీసిన 10–20 నిమిషాల్లో కొట్టకపోతే గట్టిపడి పగులుతాయి. ప్రదర్శన విమానంలో చాలా చోట్ల 2117 సరిపోతుంది, కానీ ఎక్కడ మార్చామో రాసి ఉంచాలి.

ఎక్కువమంది చేసే పెద్ద తప్పు ఒకేసారి రేకులన్నీ విప్పేయడం. ఈ విమానాలకి బలం పై తోలులోనే, అంటే బయటి రేకుల్లోనే ఉంది. తోలు ఒలిచేస్తే లోపలి చట్రం తన బరువుకే మెలిపడుతుంది, కొత్త రేకు రంధ్రాలు ఇక కలవవు. జాక్ పాయింట్ల (జాకీ పెట్టి ఎత్తే చోట్ల) దగ్గర ఆధారం ఇచ్చి, ఒక రేకు విడిచి ఒక రేకు తీయాలి, మొదటిది క్లీకోలతో (రివెట్ వేసేదాకా రేకుని పట్టి ఉంచే తాత్కాలిక పిన్నులతో) బిగించాకే పక్కదానికి పోవాలి. తీసిన పాత రేకు ఎంత చిరిగినా పారేయొద్దు. కొత్తదానికి అదే నమూనా.

ఉక్కు బోల్టు అల్యూమినియాన్ని తాకిన చోట తేమ చేరితే అల్యూమినియమే కరుగుతుంది. రెండిటి మధ్య ప్రైమర్ తడిగా ఉండగానే బోల్టు దించాలి. బిగుసుకున్న బోల్టుకి చొరబడే నూనె పోసి రోజుల తరబడి ఆగడమే మంచిది. మంట పెడితే చుట్టూ ఉన్న మిశ్రమం బలం పోతుంది.

నీళ్లలోంచి తీసిన విమానం సంగతి వేరు. 1985లో స్కాట్లండ్‌లోని లాక్ నెస్ సరస్సు నుంచి పైకి తీసిన బ్రిటిష్ బాంబర్ వెల్లింగ్టన్ మంచినీళ్లలో ఉంది కాబట్టి 45 ఏళ్లకి కూడా చాలా భాగం నిలిచింది. 2013లో ఇంగ్లండ్ తీరాన గుడ్విన్ శాండ్స్ దగ్గర సముద్రం నుంచి తీసిన జర్మన్ బాంబర్ డోర్నియర్ 17ని మాత్రం కాస్‌ఫర్డ్ మ్యూజియంలో ప్లాస్టిక్ గుడారాల్లో పెట్టి సిట్రిక్ ఆమ్లం కలిపిన నీళ్లతో నెలల తరబడి తడుపుతూ ఉండాల్సి వచ్చింది. ఉప్పులోని క్లోరైడ్ గుంటల్లో దాక్కుని ఉంటుంది. గాలికి ఆరనిస్తే, సముద్రంలో దశాబ్దాలు నిలిచిన లోహం బయట చాలా త్వరగా పొడైపోతుంది.

పర్‌స్పెక్స్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) అద్దాలకి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ. స్పిరిట్, అసిటోన్, అమ్మోనియా తగిలితే వెంట్రుకవాసి పగుళ్లు వ్యాపిస్తాయి. కొత్త అద్దం బిగించేటప్పుడు రంధ్రం స్క్రూ కన్నా వదులుగా ఉండాలి, వేడికి అది లోహం కన్నా ఎక్కువ సాగుతుంది. రేడియల్ ఇంజిన్ (సిలిండర్లు చక్రంలా చుట్టూ ఉండేది) తిప్పాలనుకుంటే ముందు కింది సిలిండర్ల ప్లగ్గులు తీసి, చేరిన నూనె కారనివ్వాలి. లేదంటే పిస్టన్ నూనెని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

రంగు దగ్గర అసలు తగువు మొదలవుతుంది. బ్రిటన్ వాయుసేన (ఆర్‌ఏఎఫ్) మ్యూజియంలోని లిబరేటర్ బాంబర్ భారత వాయుసేనలో పనిచేసి 1974లో బ్రిటన్ చేరింది. అలాంటి విమానానికి ఏ రోజు రూపం ఇవ్వాలి? యుద్ధంలోదా, ఆ తర్వాత కొలువులోదా? నా మటుకు ఆధారం ఎక్కువ మిగిలిన కాలాన్నే ఎంచుకోవాలి. అందుకు పూర్తిగా గీకేముందు నాణెమంత చోట నీళ్లు తడిపి వాడే సన్నటి గరుకు కాగితంతో రుద్దితే పొరలు వలయాలుగా బయటపడతాయి. వెలిసిపోని అసలు రంగు పలకల కింద, అతుకుల నీడలో దొరుకుతుంది. ప్రతి వర్ణచిహ్నం పక్కనా ఒక చిన్న పాత ముక్కని ముట్టుకోకుండా వదిలేయాలి.

కొత్తగా చేసిన ప్రతి భాగం మీద, లోపలివైపు, తయారైన సంవత్సరం ముద్ర కొట్టాలి. బయటికి కనిపించనక్కర్లేదు. యాభై ఏళ్ల తర్వాత మళ్లీ విప్పేవారికి ఏది 1943 నాటిదో, ఏది మనం వేసిందో తడుముకోకుండా తెలియాలి. హాల్లో గాలి తేమ 40–50 శాతం మధ్య నిలకడగా ఉంచి, బరువుని టైర్ల మీద కాక ఉక్కు ఆధారాల మీద నిలిపి, ఇంజిన్ ప్లగ్గుల్లో తేమ పీల్చే సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి మారినప్పుడల్లా మారుస్తూ ఉండాలి.