ఏ ఆన్‌లైన్ కోర్సుకి మీ టైమ్ ఇవ్వాలి?

షాపు నడిపేవాళ్లకి కోర్సు ఫీజు కన్నా దానికి పోయే గంటలే ఖరీదు. అందుకే డబ్బు కట్టేముందు ఈ నెలలో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన పని ఏదో కాగితం మీద రాసుకోండి. ఆ పనికి పనికిరాని కోర్సు ఎంత మంచిదైనా ఇప్పుడు వద్దు.

తర్వాత వీడియోలు ఎప్పుడు తీశారో చూడండి. జీఎస్టీ కోర్సులతో ఇదే పెద్ద చిక్కు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా పోయాయి. వాటిలోని సరుకులు చాలావరకు 5కో 18కో మారాయి. అంతకుముందు తీసిన పాఠం చూసి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రేట్లు పెడితే పాత పన్నే బిల్లుల మీద పడుతుంది.

హోటల్, స్వీట్ షాపు వాళ్లయితే ముందు ఫోస్టాక్ అనే ఆహార భద్రత శిక్షణ చేయండి. ఆహారం తయారుచేసి వడ్డించే ప్రతి 25 మందికి శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఒకరు ఉండాలన్నది దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మాట. దీన్ని మాత్రం వాయిదా వేయకండి.

లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ మొత్తం యజమాని నేర్చుకోనక్కర్లేదు, అది అకౌంటెంట్ పని. ఎవరి దగ్గర ఎంత బాకీ, ఎన్ని రోజులుగా ఉందో చూపించే రిపోర్టు చదవడం వస్తే మీకు చాలు.

ఫ్రీ వెబినార్‌లో సగం టైమ్ గడిచినా అసలు విషయం మొదలవలేదంటే అది కోర్సు అమ్మడానికి పెట్టిన మీటింగే, బయటికొచ్చేయండి. నేర్చుకున్నది వారంలోపు షాపులో ఒక్కసారైనా వాడకపోతే తర్వాతి పాఠం తెరవకండి.