ఒకసారి పీల్చి చూపించండి

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కి కాపురానికొచ్చిన రెండో చలికాలం ఆయాసం తిరగబెట్టింది. చిన్నప్పుడు మృగశిర కార్తెకి నాన్న నాంపల్లి తీసుకెళ్లి చేప మందు వేయించిన ఉబ్బసమే. పోయిందనుకున్నాం. రాత్రి రెండింటికి లేచి, దిండు ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చునేదాన్ని. నా పిల్లికూతలు పక్కగదిలోకి వినపడేవి. రెండుసార్లు ఎమర్జెన్సీకి పరిగెత్తాం. రెండు రకాల ఇన్‌హేలర్లు రాసిచ్చారు కానీ ఎలా పీల్చాలో ఎవరూ చూపించలేదు.

మా వీధి చివరి మందుల షాపుకి వచ్చేవాళ్లలో ప్యూర్టోరికో, డొమినికన్ కుటుంబాలే ఎక్కువ. ఫార్మసిస్టు వాళ్లతో స్పానిష్‌లోనే మాట్లాడుతుంది. లేబుల్ స్పానిష్‌లో ఇచ్చాక కూడా నోటితో చెప్పి, తిరిగి చెప్పించుకుంటుంది. ఎందుకని అడిగాను. ఇంగ్లిష్‌లో ఒకసారి అని రాసే 'వన్స్' అక్షరాలే స్పానిష్‌లో 'ఓన్సే' అట. అంటే పదకొండు! లేబుల్ మీద ఆ మాట ఇంగ్లిష్‌లోనే ఉండిపోతే అలా చదువుకోవచ్చు. నా గుండె ఝల్లుమంది.

తర్వాత కంప్యూటర్ చూసి అంది: "ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఆల్బ్యుటరాల్ రెండు నెలల్లో ఇది మూడోది. రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఒక్కసారీ రీఫిల్ చేయించలేదే?" దాన్ని కూడా ఆయాసం వచ్చినప్పుడే వాడుతున్నానన్నాను. ఆవిడ కౌంటర్ దాటి ఇవతలికొచ్చింది. "ఒకసారి పీల్చి చూపించండి."

నొక్కాను. మందు పొగలా నోట్లోంచి బయటికొచ్చేసింది.

డాక్టరుకి ఫోన్ చేసి స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం, రాయించింది. బాగా ఊపాలి, ఊపిరంతా వదిలేయాలి, పెదాలు బిగించి నొక్కి, నెమ్మదిగా పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. స్టెరాయిడ్ అయితే నోరు పుక్కిలించి ఉమ్మాలి. పక్క కుర్చీలో నానమ్మతో కూర్చున్న పిల్లాడు తన స్పేసర్ పట్టుకుని, నాకోసం "ఊనో, దోస్, త్రేస్" అని లెక్కపెట్టాడు.

స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లని హిస్పానిక్ అని అందరినీ ఒకే గాటన కడతారు గానీ, ఉబ్బసం ప్యూర్టోరికో వాళ్లని పీడించినంతగా మెక్సికో వాళ్లని పీడించదు. పాత అపార్ట్‌మెంట్ల బూజు, బొద్దింకలు, క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే మీద లారీల పొగ సరేసరి. పైగా ఆల్బ్యుటరాల్ ప్యూర్టోరికో పిల్లల్లో చాలామందికి అంత బాగా పనిచేయదని పరిశోధనల్లో తేలింది. రోజువారీ మందు మానొద్దని ఆవిడ అంత పట్టుబట్టేది ఇందుకే. ఇంత ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండే మనిషి ప్రతి మందుల షాపులోనూ ఉండాలని నా కోరిక.

ఆరు వారాలకి వెల్లకిలా పడుకోగలిగాను. జూన్ వచ్చింది. 200తో మొదలైన ఆల్బ్యుటరాల్ డబ్బా మీద అంకె ఇంకా 186 దగ్గరే ఉంది.